అమ్మ, ఇరవై రెండు బై ఏడు

మా అమ్మ పదో తరగతి లెక్కల్లో తప్పిందని నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. తెలుసన్న సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకైతే అసలే చెప్పలేదు.

అమ్మ చెప్పే కథ వేరు. "మీ తాత మాన్పించేశాడే నన్ను. ఆడపిల్లకి పెద్ద చదువులెందుకన్నాడు" అనేది. తాత పోయి చాలా కాలమైంది కాబట్టి ఆ కథకు అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఒక వేసవి సెలవుల్లో అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, నేను పక్కనే ఉన్నానన్న ధ్యాస లేకుండా, పొరుగింటామెతో అంది: "మళ్లీ కట్టి రాయవే అని ఆయన ఎంత బతిమాలాడో! ఇది వింటేనా? లెక్కల పుస్తకం పొయ్యిలో పెడతానని కూర్చుంది." నేను గింజలు ఏరుతున్నట్టే ఉండిపోయాను. మాట్లాడని పిల్లల దగ్గర పెద్దవాళ్లు చాలా మాట్లాడేస్తారు. నేను అప్పుడూ అలాంటి పిల్లనే, ఇప్పుడూ అంతే. నాకున్న మాటలన్నీ డైరీలోకి పోతాయి, మిగిలిన సమయం కథల పుస్తకాలకు పోతుంది.

అమ్మ తిరువూరులో మా వీధి చివరి అంగన్‌వాడీలో ఆయా. పొద్దున్నే వెళ్లి ఊడ్చి, ఇళ్లకు వెళ్లి పిల్లల్ని పోగేసుకొచ్చి, పప్పు వండి, గుడ్లు ఉడకబెట్టి, మూతులు కడిగి, నిద్రపుచ్చి, నాలుగింటికి ఇంటికి వస్తుంది. పిల్లలకు పాటలు నేర్పేది కూడా అమ్మే. అయినా తల్లులు ఆమెను "ఆయా" అనే పిలుస్తారు. కుర్చీలో కూర్చునే ఆవిడను "టీచరు గారూ" అంటారు. ఆ టీచరు గారు ఉద్యోగం విరమించే రోజు దగ్గరపడింది. ఆయాల్లో పదో తరగతి పాసైనవాళ్లుంటే ఆ పోస్టుకు ముందు వాళ్లనే చూస్తారని ఆవిడే అమ్మకు చెప్పింది. "వయసు దాటిపోక ముందే ఓపెన్ టెన్త్ కట్టవమ్మా. లేకపోతే ఎవరో కొత్తమ్మాయి వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటుంది. నువ్వు ఆ పిల్లకి కూడా టీ పెట్టిస్తూ ఉంటావు" అందట.

ఆ టీ మాట అమ్మకు ఎక్కడో తగిలింది. పరీక్షకు కట్టేసింది. తెలుగు, సోషల్ తనే చదువుకుంది. సైన్సు గట్టిగా కంఠస్థం పట్టింది. లెక్కల పుస్తకం మాత్రం తెచ్చి నా ఒళ్లో పడేసి, "నువ్వే కదా బీఎస్సీ మ్యాథ్స్. చెప్పు" అంది.

నేను టీచరు పరీక్షకు చదువుకుంటూ ఇంట్లో ఉంటున్నాను. చదవడం వరకే నాకు వచ్చు. నలుగురి ముందు నిలబడి చెప్పాలంటే గొంతు పూడుకుపోతుంది. అమ్మ ఒక్కతే ముందు కూర్చున్నా అంతే అయింది.

"నోట్లో ఏమైనా పెట్టుకున్నావా? గట్టిగా చెప్పవే."

"మొదటి పాఠం వాస్తవ సంఖ్యలమ్మా."

"వాస్తవ సంఖ్యలు! మిగతావన్నీ అబద్ధం సంఖ్యలా?"

నవ్వేశాను. నవ్వాక కొంచెం సులువైంది. సెంటరుకు వచ్చిన పిల్లల తలలు లెక్కపెడితే వచ్చేవి సహజ సంఖ్యలు అన్నాను. వాన పడి ఒక్కరూ రాని రోజు రాసుకునే సున్నాను కూడా కలిపితే పూర్ణాంకాలు. గుడ్లు రావలసిన వాటికన్నా ఎన్ని తక్కువొచ్చాయో రాయాలంటే సున్నాకు ఎడమవైపు కూడా సంఖ్యలుండాలి, అవీ కలిస్తే పూర్ణ సంఖ్యలు. "మాకు ఎప్పుడూ ఎడమవైపే" అంది అమ్మ. ఒక గుడ్డును ఇద్దరు చంటిపిల్లలకు సగం సగం పెడితే అకరణీయ సంఖ్యలు. పైన ఒక పూర్ణ సంఖ్య, కింద సున్నా కానిది ఇంకొకటి. పి బై క్యూ.

అమ్మ ఇది ఇట్టే పట్టేసింది. ఒకటిని మూడుతో భాగించమంటే భాగించింది. సున్నా పాయింటు మూడు మూడు మూడు అంటూ కాగితం అంచుదాకా వెళ్లి ఆగింది.

"ఇది అయిపోదేంటే?"

"అయిపోదు."

"ఎందుకైపోదు? ఒక అరటిపండు ముగ్గురికి పెట్టాననుకో, పెట్టేశాను కదా? తినేసి చేతులు కూడా కడుక్కుంటారు. ఈ లెక్కేంటి ఇంకా సాగుతోంది?"

నేను కాలేజీలో మూడేళ్లు చదివినా ఈ మాట నాకు ఎవరూ అనలేదు. పంపకం అయిపోయింది, రాయడమే అవ్వలేదు. అదే చెప్పాను. పంచగలిగినదైతే చాలు, దశాంశంలో ఎంత దూరం సాగినా అది అకరణీయమే. సాగినా పద్ధతిగా సాగుతుంది, చెప్పిందే చెబుతూ తిరుగుతుంది. ఒకటి బై ఏడు చేయించాను. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు. మళ్లీ ఒకటి, నాలుగు, రెండు. అమ్మ ముఖం వెలిగింది.

"మా పిల్లల రైలుబండే! చొక్కాలు పట్టుకుని స్తంభం చుట్టూ తిరుగుతారు చూడు. ముందు ఎవరుంటే మళ్లీ వాళ్లే వస్తారు."

ఆ సాయంత్రం అంతా బాగానే ఉంది. మర్నాడు ఇరవై రెండు బై ఏడు వచ్చింది.

కరణీయ సంఖ్యలంటే పి బై క్యూ రూపంలో రాయలేనివి అని చెప్పి, ఉదాహరణకు రూట్ రెండు, పై అన్నాను. అమ్మ పెన్ను కింద పెట్టింది.

"పై ఎందుకు రాయలేం? ఇరవై రెండు బై ఏడు కదా."

"అది పై కాదమ్మా. లెక్క కోసం అలా తీసుకుంటాం."

"తీసుకుంటే అదే కదా? ప్రతి లెక్క కిందా రాసి ఉంటుంది, పై విలువ ఇరవై రెండు బై ఏడు అని. పైన పూర్ణ సంఖ్య ఉంది, కింద పూర్ణ సంఖ్య ఉంది. నిన్న నువ్వే చెప్పావు."

"సుమారుగా అమ్మా అది..."

"సుమారు అని ఎక్కడుంది? చూపించు."

చూపించలేకపోయాను. ఆ పేజీలో నిజంగానే ఆ మాట లేదు. అమ్మ పుస్తకం మూసి, లేచి వెళ్లి, అవసరం లేకపోయినా గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆ వారమంతా పుస్తకం బల్ల మీద నుంచి కదల్లేదు. నాన్న అడిగితే, "మామిడికాయలు మోసే బండి నడిపేవారు, మీకెందుకు లెక్కలు? నేను రాయట్లేదు" అంది. నాన్న సీజన్లో రెడ్డిగూడెం తోటల నుంచి ట్రాలీ ఆటోలో కాయలు తోలతాడు. అలిసిపోయి వస్తాడు. నా వైపు చూసి, ఏం చేశావే అన్నట్టు తల ఎగరేసి ఊరుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నుంచి నడిచి వస్తున్నాం. నాన్న ముందు పోతున్నాడు. అమ్మ ఉన్నట్టుండి, రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"మీ తాత నన్ను మాన్పించలేదే. నేనే తప్పాను. లెక్కల్లో."

అవునా అని కూడా అనలేకపోయాను, అబద్ధమవుతుందని.

"సారు పై ఏ రకం అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. నాకు తెలుసనుకున్నాను కదా. అకరణీయం సార్, ఇరవై రెండు బై ఏడు అన్నాను. తప్పు, కూర్చో అన్నాడు. నేను కూర్చోలేదు. ఎందుకు తప్పు సార్ అన్నాను. ఎదురు చెబుతావా అని పీరియడ్ అంతా నిలబెట్టాడు. అంతే, బడంతా నాకు అదే పేరు. ఇరవై రెండు బై ఏడు వస్తోంది జరగండ్రా అనేవాళ్లు. కుళాయి దగ్గర కూడా. తర్వాత ఆ సారు చెప్పింది ఒక్కటీ వినలేదు నేను. చెవులు మూసేసుకున్నాను." కొంచెం దూరం నడిచాక అంది, "ఇన్నేళ్లకి మళ్లీ నువ్వు కూడా తప్పే అన్నావు. ఎందుకు తప్పో మాత్రం నువ్వూ చెప్పలేదు."

అమ్మమ్మ అరుగు, చింతపండు గింజలు నా కళ్ల ముందుకొచ్చాయి. నాకు తెలుసని ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. కానీ ఎంతో కాలం మోసిన దాన్ని అమ్మ తన చేతులతో తను దించుకుంటోంది. దాన్ని నేను ముందే చూశానని చెప్పడం బాగుండదనిపించింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. మా ఇంట్లో అలాంటివి అలవాటు లేదు. "ఏంటే, కళ్లు తిరుగుతున్నాయా?" అంది అమ్మ.

ఎందుకు తప్పో చెప్పడం ఎలాగని రెండు రోజులు ఆలోచించాను. గుండ్రం జోలికి ముందే పోకూడదనిపించింది. పిల్లలు వెళ్లిపోయాక అంగన్‌వాడీకి వెళ్లాను. ఆ గది నేలంతా అడుగు పలకలు. అమ్మ చీపురు పట్టుకుని ఉంది. పురికొస ఉండ తీసుకుని, అయిదు పలకల పొడవు, అయిదు పలకల వెడల్పు ఉన్న చదరాన్ని సుద్దతో గీశాను. మూల నుంచి మూలకు పురికొస లాగి, తెంపి, అమ్మ చేతికిచ్చాను.

"ఇది ఎన్ని పలకలుంటుందో చూడమ్మా."

అమ్మ చీపురు వదిలి, నేల మీద పాకుతూ పరిచింది. "ఏడు. ఏడున్నూ ఇదిగో, ఒక వేలి మందం."

"అయితే కర్ణం భుజానికి ఏడు బై అయిదు రెట్లా?"

"వేలు మిగిలింది కదే."

"పెద్ద చదరం చేద్దాం. అప్పుడు సరిపోతుందేమో."

పన్నెండు పలకల చదరం చేశాం. గది వెడల్పంతా పట్టింది. ఈసారి తాడును గది పొడుగునా పరిచాక అమ్మ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. పదిహేడు పలకలకు చిటికెన వేలి గోరంత తక్కువొచ్చింది.

"ఇందాక మిగిలింది, ఇప్పుడు చాల్లేదు" అంది. "సరిగ్గా లాగావా నువ్వు?"

సరిగ్గానే లాగానని నమ్మించడానికి సుద్దతో నేల మీదే లెక్క వేశాం. కర్ణం వర్గం, భుజం వర్గానికి రెట్టింపు ఉండాలి. అది అమ్మకు వచ్చు. అయిదైదులు ఇరవై అయిదు, రెట్టింపు యాభై. ఏడేడులు నలభై తొమ్మిది. ఒకటి తక్కువ. పన్నెండు పన్నెండులు నూట నలభై నాలుగు, రెట్టింపు రెండు వందల ఎనభై ఎనిమిది. పదిహేడు పదిహేడులు రెండు వందల ఎనభై తొమ్మిది. ఒకటి ఎక్కువ.

"ఇంకా పెద్దది చేస్తే?"

"ఇరవై తొమ్మిదికి నలభై ఒకటి. వేసి చూడు."

వేసింది. పదహారు వందల ఎనభై రెండు కావాలి, పదహారు వందల ఎనభై ఒకటి వచ్చింది.

"మళ్లీ ఒకటి తక్కువ! ఆ ఒక్కటీ ఎవరు తింటున్నారే?" అమ్మ సుద్దముక్క పట్టుకుని నా వైపు తిరిగింది. నుదుటి మీద కూడా సుద్ద అంటుకుంది. "గుడ్ల ట్రేలో కూడా ఇంతే. ఎంత జాగ్రత్తగా దింపించుకున్నా ఒకటి చితికి ఉంటుంది."

"ఊరంత చదరం గీసినా ఇంతేనమ్మా. దగ్గరికి వస్తుంది, అందదు. ఏ పూర్ణ సంఖ్యను ఏ పూర్ణ సంఖ్యతో భాగించినా సరిగ్గా ఈ తాడు రాదు."

"కానీ తాడు ఉంది కదా" అంది అమ్మ, దాన్ని ఎత్తి పట్టుకుని. "ఇదిగో, నా చేతిలోనే ఉంది. లేనిది కాదు."

"అందుకే అదీ వాస్తవ సంఖ్యే."

అమ్మ తనే లేచి, వంటగదిలోంచి పప్పు గిన్నె మూత తెచ్చింది. దాని చుట్టూ పురికొస తిప్పి, ఆ తాడును మూత అడ్డంతో కొలిచింది. మూడు సార్లు, ఇంకా కాస్త. ఆ కాస్తను చేత్తో పట్టుకుని, నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"అంటే ఇరవై రెండు బై ఏడు కూడా ఆ ఏడు బై అయిదు లాంటిదేనా? దగ్గర చుట్టమే కానీ సొంత మనిషి కాదు."

"అవునమ్మా. అదే. అది కొంచెం ఎక్కువ వస్తుంది. ఇరవై రెండు బై ఏడు రైలుబండిలా తిరుగుతుంది, నువ్వు చేసిన ఒకటి బై ఏడు లాగే. పై ఎప్పుడూ అలా తిరగదు."

"మరి ఆ సారు ఈ ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగింది. బహుశా ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.

ఆ తర్వాత అమ్మ ఆగలేదు. లెక్కల పుస్తకం వంటింట్లోకి చేరింది, మిరపకాయల డబ్బా పక్కన. రూట్ రెండు కరణీయ సంఖ్య అని నిరూపించడం పరీక్షలో తప్పకుండా వస్తుంది, నేర్చుకోవాలి అన్నాను. నేనైతే దాన్ని వరసగా బట్టీ పట్టాను, ఎప్పుడో ఇంటర్లో అర్థమైంది. అమ్మకు అలా కుదరదు. ఎందుకో చెప్పాలి.

"ముందు అది పి బై క్యూ అనే అనుకుందాం" అన్నాను.

"కాదని తెలిసి అనుకోవడం ఎందుకు?"

"అనుకుని, దాని వెంటే నడుస్తాం. పి, క్యూలకు ఉమ్మడి కారణాంకం ఏదీ లేదని ముందే ఒప్పందం. నడుస్తూ పోతే పి సరిసంఖ్య అని తేలుతుంది. ఇంకాస్త పోతే క్యూ కూడా సరిసంఖ్యే. రెండూ సరిసంఖ్యలైతే రెండింటికీ రెండు ఉమ్మడి. మొదటి మాటకి చివరి మాటకి పొసగలేదు. కాబట్టి మొదట అనుకున్నదే అబద్ధం."

అమ్మ గరిటె పక్కన పెట్టి గట్టిగా నవ్వింది. "ఓసి, ఇదా! ఇది నాకెప్పుడో వచ్చు. మీ నాన్న మీద రోజూ చేసేదే." గది బయట కూర్చున్న నాన్నకు వినబడేలా, "ఏవండీ, నిన్న సాయంత్రం ఎక్కడున్నారన్నారు?" అంది.

"టైరు పంక్చరైంది, షాపులో ఉన్నానని చెప్పాను కదా" అన్నాడు నాన్న లోపలికి రాకుండానే.

"సరే, నిజమే అనుకుందాం. ఏ టైరు?"

"వెనకది."

"వెనకదే అనుకుందాం. ఎవరు విప్పారు?"

"కుర్రాడు లేడు, నేనే విప్పాను."

"మీరే విప్పారనుకుందాం. మరి చేతులకి గ్రీజు లేకుండా చొక్కా జేబులో పేకముక్క ఎలా ఉందండీ?"

కాసేపటికి నాన్న, "దీనికి చదువెందుకు చెబుతున్నావే? ఇంట్లో నన్ను బతకనివ్వదు" అన్నాడు నాతో. అమ్మ పుస్తకం ముందుకు లాక్కుని నిరూపణ మొదటి వాక్యం రాసింది. ఇక దాన్ని ఎప్పుడూ తప్పు రాయలేదు.

పరీక్ష ఊళ్లోనే ఒక బళ్లో పడింది. గేటు దాకా ఇద్దరం కలిసే వెళ్లాం. లోపలికి వెళ్తున్నవాళ్లలో అమ్మ చేతి పప్పన్నం తిని పెరిగిన పిల్లలు కనిపించారు. వాళ్లలో ఒకమ్మాయి "ఆయా, నువ్వు కూడానా!" అని పరుగెత్తుకొచ్చింది. అమ్మ ముఖం ఒక్కసారి పాలిపోయింది. కొంగు వేలికి చుట్టుకుంటూ గేటు పక్కకి జరిగింది. దారి అటే ఉన్నా ఆమె అడుగు కదలడం లేదు. కుళాయి దగ్గర ఆ పాత పిలుపు వినబడుతోందేమోననిపించింది.

నేను ఆ అమ్మాయితో అన్నాను: "అవును. రూట్ రెండు నిరూపణలో నీకేమైనా అనుమానముంటే ఆవిణ్ణి అడుగు." నా గొంతు నేను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది, గేటు దగ్గరున్నవాళ్లు కూడా చూశారు. ఆ అమ్మాయి నిజంగానే అడిగింది. క్యూ సరిసంఖ్య ఎలా అవుతుందో తనకు ఎప్పుడూ గుర్తుండదట. అమ్మ గేటు స్తంభానికి ఆనుకుని, అరచేతిలో వేలితో రాస్తూ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆ పిల్లతో పాటే లోపలికి నడిచింది. నా వైపు తిరిగి చూడనైనా లేదు.

లెక్కల్లో అమ్మకు నలభై పైన వచ్చాయి. ఇంగ్లీషులో అంచు మీద గట్టెక్కింది. ఆర్డరు రావడానికి చాలా నెలలు పట్టింది. మధ్యలో ఎవరో కొత్తమ్మాయి వస్తుందన్న పుకారు రెండుసార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా అమ్మ అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఆ పోస్టు అమ్మకే ఇచ్చారు.

మొదటి రోజు సాయంత్రం పంపు దగ్గర కాళ్లు కడుక్కుని, గుమ్మంలో నా పక్కనే కూర్చుంది. రోజు ఎలా గడిచిందని అడిగాను. తడి పాదాలనే చూసుకుంటూ చెప్పింది.

"పొద్దున ఒకామె బిడ్డని దింపుతూ ‘టీచరు గారూ’ అని పిలిచిందే. ఎవరినా అని వెనక్కి తిరిగి చూశాను. వెనకాల ఎవరూ లేరు."